కొత్త బండి మిట్టెక్కిన వైనం

"ఈ రోజు నుంచి ఈ ఊళ్ళో మిట్ట అనేది లేదు!" అని మంత్రిగారు ప్రకటించారు.

స్టేజీ మీద నిలబడితే మిట్ట ఆయన వీపు వెనకాల ఉంటుంది, మూడొందల ఇళ్ళతో సహా. కాబట్టి ఆయనకి కనిపించే అవకాశం లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనిపిస్తూనే ఉంది గానీ, అంత పెద్దమనిషి లేదన్నాక ఉందనడం మర్యాద కాదని అందరూ చప్పట్లు కొట్టారు.

"హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు ఆర్డరిస్తున్నాం. నిండు ట్యాంకరు లాక్కుని నిటారుగా ఎక్కేస్తుంది. ఇంటింటికీ నీళ్ళు. ఇక మిట్టకీ పల్లానికీ తేడా ఏముంది, మీరే చెప్పండి!"

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ డ్రైవరు మాత్రం అందరూ ఆపాక కూడా కొడుతూనే ఉన్నాడు. మునిసిపాలిటీ పికప్పుకి నీళ్ళ ట్యాంకరు తగిలించి పంతొమ్మిదేళ్ళుగా ఆ మిట్టెక్కుతున్నది అతనే. ఆ దారిలో బండి రెండో గేరు దాటి ఎరగదు. అందుకని ఊరంతా అతన్ని సెకండ్‌గేర్ అంటారు. కోపమొస్తే పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది.

ట్యాంకరు నింపితే బండి మొదటి మలుపులోనే రొప్పుతుంది. కాబట్టి సగమే నింపుతారు. ఆ సగంలో కొంత కుదుపులకి రోడ్డు తాగుతుంది. మిగిలింది మిట్ట తాగుతుంది, మూడు రోజులకోసారి. రెండో మలుపులో అతను హారన్ కొట్టగానే ఆడవాళ్ళందరూ తలో రాయి పట్టుకుని రోడ్డు మీదికొస్తారు. కొత్తవాళ్ళు చూస్తే తిరుగుబాటేమో అనుకుంటారు. అదేం కాదు. బండి వెనక్కి జారకుండా చక్రాల కింద పెట్టడానికి. అందులో మొదటి రాయి అతని పెళ్ళానిదే. అతని ఇల్లూ మిట్ట మీదే మరి.

"ఏమే, బండొస్తోంది!" అన్నాడు గుమ్మంలోంచే.

"ఎప్పుడు?"

"ఆర్డరిస్తున్నారు."

"ఎవరిస్తున్నారని అడగలేదు. ఎప్పుడని అడిగా."

ఆమెకి ఇలాంటి చిల్లర ప్రశ్నలు వేసే అలవాటుంది. అతను పట్టించుకోలేదు. ఇంజినీరుగారిని బతిమాలి తెచ్చుకున్న కంపెనీ పుస్తకాన్ని వారంలో కంఠతా పట్టేశాడు.

"పది గేర్లే, పది! ఇక టార్క్ అయితే చెప్పనే అక్కర్లేదు."

"అదేంటి?"

"మా అమ్మతో గొడవపడి బీరువా ఒక్కదానివే ఈ గదిలోంచి ఆ గదిలోకి జరిపేశావు చూడు, అదే టార్క్. గేర్లు కూడా మనం వెయ్యక్కర్లేదు. అవే పడిపోతాయిట."

"అయితే నువ్వెందుకు మధ్యలో?"

కంఠతా పట్టిన పుస్తకాన్నే అతను మళ్ళీ మొదటి పేజీనుంచి తిరగేశాడు.

ఆర్డరు మీద సంతకం పెట్టే రోజున మంత్రిగారు పెన్ను మూత తీశారు. ఫోటోగ్రాఫర్లు వంగారు. సరిగ్గా అప్పుడు ఇంజినీరుగారు నోరు తెరిచారు. ఆయన నిజాయితీపరుడు. అడక్కపోయినా నిజం చెప్పడమే ఆయన బలహీనత.

"సార్, ఆర్నెల్లలో దీన్నే రీడిజైన్ చేసి వదుల్తున్నారట."

పెన్ను గాల్లో ఆగింది.

"ఇప్పుడు కొంటే?"

"ఆర్నెల్లకి ఇది పాత మోడలైపోతుంది సార్."

"అంటే, ప్రజలకి నేను పాత బండి అంటగట్టాలనా నీ ఉద్దేశం?"

మంత్రిగారి పక్కనే ఎప్పుడూ ఒక కార్యకర్త ఉంటాడు. గొంతు అలాంటిది కావడంతో అతన్ని అందరూ మైకు అంటారు. గదిలో ఉన్నది ఏడుగురే అయినా ఏడువేలమందికి వినిపించేలా అరిచాడు. "ఆగుదాం సార్! కొనడం ఎవడైనా కొంటాడు! ఆగడానికి గుండె కావాలి!"

మర్నాడు పేపర్లన్నీ మంత్రిగారి గుండె గురించే రాశాయి. 'ఆర్డరివ్వకూడదని సాహసోపేత నిర్ణయం' అన్నది ఒక హెడ్డింగు. గోడల మీద 'మనం ఎదురుచూస్తున్నాం' అని పోస్టర్లు వెలిశాయి. వాటిలో మంత్రిగారు ఆకాశం వైపు వేలు చూపిస్తూ ఉంటారు, బండి అటునుంచే దిగుతుందన్నట్టు. ఎదురుచూపుకి వంద రోజులు నిండిన సందర్భంగా పెద్ద సభ జరిగింది. ఎదురుచూపు యాభై అయిదు శాతం పూర్తయిందనీ, అనుకున్నదానికంటే ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదనీ మంత్రిగారు లెక్కలతో సహా నిరూపించారు. అంతకుముందు ఏ పనీ ఇంత కచ్చితంగా నడిచిన దాఖలా లేదని వయసు మళ్ళినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఈలోగా పాత బండి క్లచ్చు పోయింది. డ్రైవరు ఇంజినీరుగారి దగ్గరికెళ్ళాడు.

"కొత్త బండి వస్తుంటే పాతదానికి క్లచ్చేమిటయ్యా? పైవాళ్ళు ఒప్పుకోరు. కొత్తదాని మీద నమ్మకం లేదన్నట్టుంటుందట."

అతుకులేసుకుని నడిపాడు. సగం ట్యాంకరు పావు అయింది. మూడు రోజులు అయిదు రోజులయ్యాయి. మిట్ట మీద ఒకే నీళ్ళతో ముందు బియ్యం కడిగి, తర్వాత గిన్నెలు కడిగి, ఆ తర్వాత కాళ్ళు కడుక్కోవడం నేర్చుకున్నారు. ఎవరైనా సణిగితే డ్రైవరే సర్దిచెప్పేవాడు.

"ఓపిక పట్టక్కా! ఇప్పుడు తొందరపడి ఏ పాతదో తెచ్చుంటే బతుకంతా బాధపడేవాళ్ళం. వచ్చేదానికి ముందు జాలీయే మన తలుపంత ఉంటుంది, తెలుసా?"

"ఆ జాలీలోంచి నీళ్ళొస్తాయా?" అనేది పెళ్ళాం, లోపలనుంచి.

రీడిజైన్ మోడల్ రానే వచ్చింది. ఏమేం కావాలో ఫారంలో టిక్కులు పెట్టడానికి మీటింగు పెట్టి డ్రైవర్ని కూడా పిలిచారు. అతను ఉన్నదాంట్లో మంచి చొక్కా వేసుకెళ్ళాడు. మంత్రిగారు స్వయంగా కుర్చీ చూపించారు.

"నడిపేవాడివి నువ్వు. నీకేం కావాలో అడుగు."

"ట్యాంకరు తగిలించడానికి వెనకాల గట్టి హుక్కుంటే చాలు సార్. మిగతావి మీ దయ."

మిగతావి దయగానే చూశారు. నిలబడి చెయ్యూపడానికి వీలుగా తెరుచుకునే టాపుకి మంత్రిగారు టిక్కు పెట్టారు. నాలుగు వైపులా స్పీకర్లకి మైకు టిక్కు పెట్టాడు. వెనకాల తొట్టిలో అభిమానులు పట్టుకోవడానికి కమ్మీలు, ఎక్కడానికి మెట్లు, మెట్లకి లైట్లు టిక్కయ్యాయి. చివర్లో ఇంజినీరుగారు మళ్ళీ నోరు తెరిచారు.

"సార్, టాపూ హుక్కూ రెండూ కావాలంటే ఇంకో ఎనిమిది నెలలు పడుతుందట. ఏదో ఒకటైతే ఈ నెలలోనే ఇస్తారట."

మంత్రిగారు డ్రైవరు భుజం మీద చెయ్యేశారు.

"నువ్వే చెప్పు. హుక్కు తర్వాతైనా తగిలించుకోవచ్చు. టాపు తర్వాత కోయగలమా?"

డ్రైవరు నిజాయితీగా ఆలోచించాడు. కోయలేం. ఇంటికెళ్ళే దారి పొడుగునా ఆలోచించినా కోయలేమనే తేలింది. ఇంత చిన్న విషయం తనకి తట్టనందుకు సిగ్గుపడ్డాడు కూడా.

బండి వచ్చిన రోజు ఊళ్ళో ఏ పనీ జరగలేదు. తెల్లగా, ఎత్తుగా, రెండు వీధులకి సరిపడా వెడల్పుతో మునిసిపల్ ఆఫీసు ముందు నిలబడింది. సీట్లోకి ఎక్కడానికి డ్రైవరుకి ఇద్దరు సాయం పట్టాల్సొచ్చింది. స్టార్ట్ చేశాడు. పులి ఆవులించినట్టుంది. పెళ్ళిలో కూడా అతనికి ఇంత గాభరా పుట్టలేదు.

మంత్రిగారు టాపులోంచి నడుం దాకా పైకి లేచారు. తొట్టిలో మైకుతో పాటు పదకొండుమంది కమ్మీలు పట్టుకున్నారు. మొదటి మలుపు ఎప్పుడు దాటిందో తెలియలేదు. రొప్పు లేదు, జారుడు లేదు, వెన్నలో వేలు పెట్టినట్టు పోతోంది. డ్రైవరు పెద్దగా నవ్వేశాడు. ఎందుకు నవ్వుతున్నాడో అతనికే తెలీదు. ఆ నవ్వులోనే రెండో మలుపు వచ్చింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే హారన్ నొక్కేసింది.

ఇళ్ళలోంచి వందమంది ఆడవాళ్ళు రాళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

మంత్రిగారు టాపులోంచి మాయమయ్యారు. తొట్టిలో పదకొండుమందీ ఒకరి కింద ఒకరు దాక్కున్నారు. "ప్రతిపక్షం కుట్ర!" అని మైకు నాలుగు స్పీకర్లలోంచీ ఏడ్చాడు.

"సార్, సార్! మా ఆవిడే సార్!" అన్నాడు డ్రైవరు. "అలవాటు మీద వచ్చారు. చక్రాల కింద పెడతారు, అంతే!"

బండికి అవసరం లేకపోయినా, తెచ్చిన రాయి వృథా ఎందుకని పెట్టేశారు కూడా. అవి తీయించి పైకి చేరేసరికి పదిహేను నిమిషాలు పట్టింది.

మిట్ట మీద జనం రెండు వైపులా బారులు తీరారు. ఫోటోగ్రాఫర్లు కెమెరాలెత్తి, వెంటనే దించేశారు. దారంతా ఎర్రమట్టి. తెల్లబండి ఇటుక రంగులోకి తిరిగింది. మంత్రిగారు కిందికి దిగి, వేలితో తలుపు మీద గీత గీసి, ఆ వేలి వంక బాధగా చూసుకున్నారు.

"ఇంతకాలం ఎదురుచూసింది ఈ మొహంతో పేపర్లో పడ్డానికా? కడగండి!"

"నీళ్ళు కిందే ఉన్నాయి సార్," అన్నారు ఇంజినీరుగారు. "ట్యాంకరు తగిలించడానికి హుక్కు లేదు కదా."

మైకు అందుకున్నాడు. "అక్కల్లారా! అమ్మల్లారా! ఇది మన బండి! మన గడపలోకొచ్చింది! ఇంటికో బకెట్టు!"

ఎవరూ కదల్లేదు. బండి ఎండలో మట్టికొట్టుకుని నిలబడి ఉంది. దాన్నలా చూడలేకపోయాడు డ్రైవరు. సొంత పిల్ల జలుబు ముక్కుతో పదిమందిలో నిలబడ్డట్టుంది అతనికి. గబగబా ఇంట్లోకి నడిచాడు.

డ్రమ్ముకి అడ్డంగా పెళ్ళాం నిలబడింది. "ఎల్లుండి దాకా అవే."

"ఒక్క బకెట్టే."

"బండిని కడగడానికా?"

"అదే కదే ఇక మనకి నీళ్ళు మోసేది!"

ఆమె డ్రమ్ము మూత తీసింది. తర్వాత పక్కకి తప్పుకుంది.

డ్రైవరే ఇచ్చాక మిగతావాళ్ళు ఇవ్వకపోతే బాగుండదు. ఒక బకెట్టు వెనక ఒకటి, ఒక ఇంటి వెనక ఒకటి, మూడొందల ఇళ్ళూ కదిలాయి. ముందు జాలీ కడిగారు, తలుపులు కడిగారు, మెట్లూ మెట్ల లైట్లూ కడిగారు. ఆఖరికి టైర్ల గాడుల్లో కూడా వేలు పెట్టి కడిగారు. బండి పాలరాయిలా మెరిసింది. జనానికి కూడా హుషారొచ్చి ఈలలేశారు. బండి కింద చేరిన నీళ్ళు చిన్న పాయలా బయల్దేరి, వీధి మధ్యనుంచి గలగలమంటూ పల్లం దాకా దిగిపోయాయి.

మర్నాడు మొదటి పేజీలో రంగుల్లో ఫోటో వచ్చింది. మధ్యలో బండి, పక్కన మంత్రిగారు, చుట్టూ బకెట్లతో నవ్వుతున్న జనం, కాళ్ళ కింద ఏరులా నీళ్ళు. 'మిట్ట మీద నీళ్ళు పారించిన మంత్రి' అని పైన పెద్దక్షరాలు.

డ్రైవరు రెండుసార్లు పైకి చదివాడు. ఫోటోలో అతని మోచెయ్యి కూడా పడింది.

"నిజమే," అంది పెళ్ళాం, ఖాళీ డ్రమ్ము బోర్లిస్తూ. "పారాయి."

వారం తిరక్కుండా ఇంజినీరుగారు అతని చేతిలో ఒక కాగితం పెట్టారు. 'మిట్ట ప్రాంతమునకు పాత ట్యాంకరు ద్వారా నీటి సరఫరా రేపటినుండి నిలుపుదల చేయడమైనది. కారణము: జతపరచిన ఫోటో చూడుడు.'