కట్టుడు పన్నులు

పురపాలక సంఘ అధ్యక్షులవారి నోట మిగిలిన ఏకైక దంతం రేపు ఉదయం పదవీ విరమణ చేయనున్నదని ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమైనది.

తోటివాళ్ళంతా రాలిపోయినా, తాను ఊగుతూ కూడా చోటు వదలని ఆ పన్నును అద్దంలో చూసుకున్నప్పుడల్లా అధ్యక్షులవారికి తన రాజకీయ జీవితమే కళ్ళకు కట్టేది. అయినా తప్పదు. ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి. బోసినోటితో ఆయన "సేవ" అంటే సభలో "ఫేవ" అని వినబడుతోంది. ఆ ఒక్కటీ పీకేస్తే పూర్తి సెట్టు కుదురుగా కూర్చుంటుందని పళ్ళ డాక్టరు తేల్చేశాడు.

ఆయన వెంటనే బావమరిదికి ఫోన్ చేశారు. బావమరిది అంటే ఆయనకు కుడిభుజం. బావ నోట ఏ మాట వచ్చినా దాన్ని ఊరంతా మైకులో చాటడమే అతని ఉద్యోగం.

"ఒరేయ్, రేపు పన్ను తీసేస్తున్నాం. మీటింగు లేదని అందరికీ చెప్పెయ్."

"పన్నే! నీటి పన్నేనా బావా?"

"ఆఁ, నీరు పట్టి వాచిపోయింది. ఇంకెన్నాళ్ళు భరించమంటావురా?"

"మొత్తం తీసేస్తారా?"

"సగం తీసి సగం ఉంచుతారట్రా తింగరోడా! వేళ్ళతో సహా పీకి పారేయడమే."

మర్నాడు మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది. "నీటి పన్ను రద్దు! వేళ్ళతో సహా పీకి పారేశారు!" నీళ్ళు రాని కుళాయిలకు కూడా జనం దండలు వేశారు. పళ్ళు లేని మనిషికి బుట్టలకొద్దీ పళ్ళు మోసుకొచ్చారు. నోట్లో దూదితో, వాచిన చెంపతో, ధారగా కారే కళ్ళతో అధ్యక్షులవారు గుమ్మంలో నిలబడ్డారు. కాదని చెప్పడానికి నోరు తెరవబోతే దూదే బయటికొచ్చింది. "పేదల బాధ తలుచుకుని ఏడుస్తున్నాడయ్యా," అని వచ్చినవాళ్ళూ ఏడ్చారు.

పుండు మానేదాకా ఆయన మాట్లాడలేదు. ఆయన పరిపాలనలో అదే స్వర్ణయుగం అని ప్రతిపక్షం కూడా ఒప్పుకుంది.

"ఒక్క పన్ను పోతే ఇంత పేరొస్తుందని తెలిస్తే, పెళ్ళయిన కొత్తలోనే నేను రాలగొట్టేదాన్ని కదండీ!" అని భార్య నొచ్చుకుంది.

ఆయనకు మాత్రం నిద్ర కరువైంది. ఆదివారం జరగబోయే ఎన్నికల సభలో రద్దు నిజమే అంటే ఖజానా ఖాళీ, అబద్ధం అంటే కుర్చీ ఖాళీ.

సభకు ముందురోజు డాక్టరు గులాబీరంగు చిగుళ్ళతో సహా సెట్టు తెచ్చి నోట్లో అమర్చాడు. "చూడండి సార్, కొత్తలో కాస్త ఒరుసుకుంటాయి. నోరు నిండిపోయినట్టుంటుంది. కంగారు పడకండి, మెత్తటివాటితో మొదలుపెట్టి రెండువైపులా సమానంగా నమలండి. మరీ నొప్పెడితే నా దగ్గరికి రండి, కొంచెం అరగదీస్తాను. అలవాటైతే ఇవి ఉన్న సంగతే మర్చిపోతారు."

అధ్యక్షులవారి కళ్ళు మెరిశాయి. పరిపాలనా శాస్త్రం ఇంత క్లుప్తంగా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సభ కిక్కిరిసింది. అధ్యక్షులవారు టకటకలాడే దవడలతో గర్జించారు: "పురజనులారా! అన్నమాట నిలబెట్టుకున్నాను. పాత పన్ను తీసేశాను! కానీ ఒంటి పన్నుతో ఈ ఊరు ఎంతకాలం నమలగలదు? అందుకే దాని స్థానంలో పూర్తి సెట్టు వేస్తున్నాను! పై వరుస మేడమీద ఉండేవారికి, కింది వరుస మేడకింద ఉండేవారికి. అర్జీ పెట్టి ఏదైనా కోరేవారికి కోరపన్ను. చదువుకుని ప్రశ్నలడిగేవారికి జ్ఞానపన్ను. ఇవన్నీ కట్టుడు పన్నులు, కట్టితీరాలి! కొత్తలో కాస్త ఒరుసుకుంటాయి. నొప్పెడితే వచ్చి చెప్పండి, అరగదీస్తాను."

ఏది అరగదీస్తారో ఎవరూ అడగలేదు. పై సెట్టు జారబోతే బొటనవేలితో నొక్కిపట్టి, ఆయన ఊపిరి బిగబట్టి జనం వంక చూశారు. కుర్చీ ఉంటుందో ఊడుతుందో తేలేది ఇప్పుడే.

ముందు వరుసలోని కిరాణా కొట్టాయన లేచి చప్పట్లు కొట్టాడు. "ఏం పలువరుసండీ! అన్నీ ఒకే సైజు!"

"అవునన్నయ్యా," అంది పక్కనున్న కుట్టుమిషనామె. "మునుపు ఒక్కటే వేలాడుతుంటే చూడ్డానికే ఎలాగో ఉండేది."

చప్పట్లు మిన్నంటాయి. అధ్యక్షులవారు మళ్ళీ గెలిచారు, ఈసారి ఏకగ్రీవంగా. సభకు వచ్చినవారిలో నూటికి తొంభైమందికి పళ్ళన్నీ సొంతవే, గట్టివే. పుట్టి బుద్ధెరిగాక ఇకిలించడానికి తప్ప ఇంకెందుకూ వాడకపోవడంవల్ల అవి చెక్కుచెదరలేదని డాక్టరు ధ్రువీకరించాడు. ఇది చదివి నవ్వినవారికీ పళ్ళు అదే స్థితిలో ఉన్నట్టు ఇందుమూలంగా భావించడమైనది.