తాతగారి కళ్ళద్దాలకు పవర్ లేదు

సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ తనిఖీదారు ఒకే మాటను నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు. "సినిమా ఫర్వాలేదు గానీ, ఆ తాతగారి కళ్ళద్దాలకు పవర్ లేదండీ. ఉత్త గాజు." ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఒకసారి పెదవి విరుస్తూ అన్నాడు. మూడోసారి అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి అన్నాడు. నాలుగోసారి అంటూ గడ్డం కోసుకున్నాడు. చివరికి పెదవి విరుపునే ఖాయం చేసుకుని, గాటు మీద దూది అద్దుకుని పనికి బయల్దేరాడు.

అతడు పనిచేసేది కళ్ళద్దాలు తయారుచేసే కంపెనీలో. డాక్టర్లు రాసిన చీటీ ప్రకారం లెన్సులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి పంపుతారు. బయటికి వెళ్ళే ప్రతి జతనూ యంత్రం కింద పెట్టి పవర్ సరిపోయిందో లేదో చూసి, సరిపోతే పాస్ చేసి సంతకం పెట్టడం అతడి పని. ఆ విభాగం పెద్దాయన రెండు నెలల క్రితం రిటైరయ్యాడు. ఆ కుర్చీ కోసం తనిఖీదారు ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆర్డరు కాగితం తయారై మేనేజరు గారి సొరుగులో ఉందని, ఈ వారంలోనే చేతికిస్తారని టైపిస్టు చెవిలో వేసింది. ఆ సంగతి అతడి భార్య అప్పుడే బంధువులందరికీ చెప్పేసింది కూడా. ఇప్పుడు ఆ కుర్చీ రాకపోతే పోయేది ఒక్క కుర్చీ కాదు, పరువు.

సోమవారం టీ వేళకు మేనేజరు గారు గది వదిలి వచ్చి అందరితో కలిసి తాగుతారు. అప్పుడు ఎవరు ఏ కొత్త సినిమా చూశారో, ఎలా ఉందో తలా ఒక మాట చెప్పడం అక్కడి ఆనవాయితీ. తనిఖీదారు ఏ సినిమాకి వెళ్ళినా లైట్లు ఆర్పగానే నిద్రపోయే రకం కాబట్టి, ఇన్నేళ్ళూ బిస్కెట్లు తింటూ గడిపేశాడు. ఈసారి మాత్రం దేవుడు పంపినట్టు ఒక మాట దొరికింది. గురువారం నుంచి శనివారం దాకా ఒళ్ళు తెలియని జ్వరంతో పడుకుంటే, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ భార్య, కొత్త సినిమాలోని తాతగారి కళ్ళద్దాల సంగతి చెప్పింది. వింటూనే అతడికి జ్వరం సగం దిగింది. విభాగం పెద్ద కావలసినవాడు అనవలసిన మాట అంటే అదీ.

టీ వచ్చింది. కొత్త సినిమా ప్రస్తావనా వచ్చింది. తనిఖీదారు పెదవి విరిచాడు.

"ఫర్వాలేదు గానీ, ఆ తాతగారి కళ్ళద్దాలకు పవర్ లేదండీ. ఉత్త గాజు. పవరుంటే అద్దం వెనక చెంప గీత జరిగినట్టు కనబడాలిగా, ఆయన పక్కకి తిరిగితే ఇసుమంత కూడా కదల్లేదు."

"అరే, నేనూ అదే అనుకున్నా!" అన్నాడు లెన్సులకు రంగులు వేసే అతను.

"నేను మా ఆయనకి హాల్లోనే చెప్పా," అంది ప్యాకింగ్ ఆవిడ.

అందరి మెప్పూ దొరికింది, ఒక్కరిది తప్ప. మేనేజరు గారి కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆయన కప్పు కింద పెట్టి, తనిఖీదారును పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నువ్వోసారి నా గదికి రా," అని లేచి వెళ్ళిపోయారు. కాగితం ఇవ్వడానికే అనుకుని తనిఖీదారు చొక్కా సర్దుకున్నాడు.

గదిలో ఆయన తలుపు తనే వేశారు. "ఆ కళ్ళద్దాలు నువ్వు నీ కళ్ళతో చూశావా?" అని అడిగారు.

"చూశాను సార్."

"ఫ్రేము ఎలాంటిది?"

"నల్లది సార్. కాస్త దళసరి."

మేనేజరు గారు ఆ ముక్క జాగ్రత్తగా రాసుకున్నారు. ఎందుకు రాసుకుంటున్నారో తనిఖీదారుకి అర్థం కాలేదు. ఆ తరువాత ఆయన కేలండరు దగ్గరికి వెళ్ళారు.

"సినిమా విడుదలైంది గురువారం. గురువారం నేను హెడ్డాఫీసు మీటింగులో ఉన్నాను. నువ్వు జ్వరమని సెలవు పెట్టావు. శుక్రవారం జ్వరం. శనివారం జ్వరం. ఆదివారం అర్జెంటు ఆర్డరని అందరం పొద్దుపోయే దాకా ఇక్కడే ఉన్నాం. మరి సినిమా ఎప్పుడు చూశావయ్యా? అంటే జ్వరం అబద్ధమేగా?"

"అయ్యో, జ్వరం నిజం సార్! సినిమాయే అబద్ధం."

"మరి నల్ల ఫ్రేమన్నావు?"

"తాతలకి అదే ఉంటుంది కదా అని..."

"చెంప గీత కదల్లేదన్నావు. ఆ మాట మన పని తెలిసినవాడు తప్ప ఇంకెవడూ అనలేడు. నీకెవరు చెప్పారు?"

"మా ఆవిడ సార్."

"ఆవిడేం చేస్తుంది?"

"పళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్లకి నంబర్లిస్తుంది సార్."

"పళ్ళ దగ్గర పనిచేసే ఆవిడకి కళ్ళ సంగతెలా తెలిసిందయ్యా?" మేనేజరు గారు సొరుగు తెరిచి, ఒక కవరు బయటికి తీసి, అతడు చూస్తుండగానే మళ్ళీ లోపల పెట్టి తాళం వేశారు. "ఈ మాట నీ దాకా ఎలా వచ్చిందో బుధవారం లోపల నాకు చెప్పాలి. ఒక్కడివే వచ్చి చెప్పు. చెప్పలేకపోతే దొంగ సెలవు కింద రాస్తాను."

మధ్యాహ్నానికి విషయం కంపెనీ అంతా పొక్కింది. రంగుల అతను, తానసలు ఆ సినిమాకే వెళ్ళలేదని ప్రమాణం చేశాడు. ప్యాకింగ్ ఆవిడ, తను అన్నది తాతగారి కళ్ళద్దాల గురించి కాదని, నాయనమ్మ చెప్పుల గురించని మాట మార్చింది. సాయంత్రానికి సంగతి హెచ్చార్ మేడమ్ దాకా వెళ్ళింది. దొంగ సెలవన్న మాట వినగానే ఆవిడ కళ్ళు మెరిశాయి. బుధవారం విచారణకు తానూ కూర్చుని ప్రతి మాటా రాసుకుంటానని కబురు పెట్టింది. ఆ కబురు విని మేనేజరు గారి ముఖం ఎందుకో వాడిపోయిందని టైపిస్టు చెప్పింది.

ఇంటికి నడిచే దారిలో తనిఖీదారుకి ఒక కొత్త పురుగు తొలవడం మొదలుపెట్టింది. సినిమా గురువారం విడుదలైంది. గురువారం తను మూలుగుతూ పడుకున్నప్పుడు, మాత్రలు తెస్తానని వెళ్ళిన భార్య రెండు గంటలకి గానీ తిరిగి రాలేదు. మందుల షాపు వీధి చివరే.

"సినిమా ఎవరితో చూశావు?" అన్నాడు చెప్పులు విప్పకుండానే.

"ఏ సినిమా అండీ?"

"తాతగారి కళ్ళద్దాలున్న సినిమా."

"నేను చూశానని ఎప్పుడన్నాను? పవర్ లేదన్నాను, అంతే."

"చూడకుండా పవర్ లేదని ఎలా తెలిసింది? నేనిక్కడ కాలిపోతుంటే నువ్వు రెండు గంటలు ఎక్కడున్నావు?"

ఆమె అతణ్ణి నిదానంగా చూసింది. "మందుల షాపు మూసుంటే పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్ళాను. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ మాట అప్పుడే చెబితే జ్వరంలో బాధపడతారని చెప్పలేదు. అయినా ఇంత గుచ్చి గుచ్చి అడుగుతున్నారంటే, అసలు మీ కథేంటి?"

తనిఖీదారు సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. కుర్చీ పోయేలా ఉందనగానే ఆమె అలక పక్కన పెట్టి ఫోనందుకుంది. ఆ మాట చెప్పింది ఆమె అక్క. శనివారం ఫోనులో, హాల్లోంచి అప్పుడే బయటికొచ్చినట్టుగా చెప్పింది.

"చూశానే! ఎంత బాగుందో!" అంది అక్క. వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది. "ఎప్పుడు చూశావ్? పోయిన వారమంతా నడుం నొప్పని వంట కూడా నా చేతే చేయించావుగా?" ఆ తరువాత అక్క గొంతు తగ్గించి, చూడలేదని, శుక్రవారం దర్జీ ఆవిడ దగ్గర విన్నానని ఒప్పుకుంది. "మరిదిగారితో చెప్పకే, నవ్వుతారు." మరిదిగారు స్పీకరు పక్కనే కూర్చుని ఉన్నారు. నవ్వే ఓపిక ఆయనకు లేదు.

మంగళవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాం కలిసి దర్జీ దుకాణానికి వెళ్ళారు. దర్జీ ఆవిడ కూడా మొదట చూశాననే అంది. మిషను మీద పేరుకుపోయిన బట్టల గుట్ట చూపించి తనిఖీదారు భార్య, "ఇంత పని పెట్టుకుని?" అని అడిగేసరికి నవ్వేసింది.

"ఊరికే అన్నానమ్మా. అందరూ అంటుంటే మనం నోరు మూసుకుని ఉంటే ఏం బాగుంటుంది? తెల్ల పట్టీ ఆకుపచ్చ పరదాలు ఐదు పట్టుకెళ్ళడానికి వచ్చినావిడ చెప్పింది. వాళ్ళాయన గురువారం మధ్యాహ్నం ఆటకి ఒక్కడే వెళ్ళొచ్చి చెప్పాడట. ఆయనకి అవన్నీ తెలుసులే. కళ్ళద్దాల కంపెనీలో మేనేజరు."

ఊళ్ళో కళ్ళద్దాల కంపెనీ ఒక్కటే. దానికి మేనేజరు కూడా ఒక్కరే. తనిఖీదారు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"హెడ్డాఫీసు మీటింగన్నాడే!"

దారి పొడవునా అతడు భయపడుతూనే ఉన్నాడు. చెబితే మేనేజరు పగబడతాడు. చెప్పకపోతే కుర్చీ పోతుంది. భార్య మాత్రం నాలుగడుగులు నడిచేసరికి దారి కనిపెట్టింది.

"అంతా చెప్పకండి. పరదాల దాకా చెప్పి ఆగండి. ఆ పైన ఆయనే చూసుకుంటాడు."

బుధవారం పది గంటలకి విచారణ మొదలైంది. మేనేజరు గారు బల్లకి అటు, హెచ్చార్ మేడమ్ పక్కన, ఆవిడ ముందు కొత్త నోటు పుస్తకం. తనిఖీదారు వణికే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ మాట నాకు మా ఆవిడ చెప్పింది మేడమ్. ఆవిడకి వాళ్ళక్క చెప్పింది. అక్కకి దర్జీ ఆవిడ. దర్జీ ఆవిడకి పరదాలు కుట్టించుకున్నావిడ."

మేడమ్ అన్నీ రాసుకుంది. "ఏ పరదాలు?"

"ఆకుపచ్చవి మేడమ్. అంచుకి తెల్ల పట్టీ. హాల్లోకి మూడు, పడకగదిలోకి రెండు."

మేనేజరు గారి చేతిలో పెన్ను జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోవడానికి బల్ల కిందికి వంగి, ఒక పెన్నుకి కావలసిన దానికంటే చాలా ఎక్కువసేపు అక్కడే ఉన్నారు.

"ఆ పరదాలావిడకి ఎవరు చెప్పారు?" అంది మేడమ్ ఉత్సాహంగా.

"సార్ అడిగితే చెబుతాను మేడమ్."

"అక్కర్లేదు!" అన్న కేక బల్ల కిందనుంచి వచ్చింది. వెనకే మేనేజరు గారు కూడా వచ్చారు. ముఖమంతా చెమట. "ఇంకొకళ్ళ ఇళ్ళ పరదాల దాకా మనం వెళ్ళడం మర్యాద కాదు మేడమ్. మనిషి నిజాయితీగా చెబుతున్నాడు. జ్వరమన్నాడు, జ్వరమే. ఇప్పుడు కూడా ఎలా వణుకుతున్నాడో చూడండి."

సొరుగు తెరుచుకుంది. కవరు బయటికి వచ్చింది. తనిఖీదారు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. మేడమ్ నోటు పుస్తకంలో ఒక ప్రశ్నార్థకం వేసి, ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, మూసేసింది.

కుర్చీ వచ్చిన సంతోషంలో శనివారం భార్యను తీసుకుని అతడు ఆ సినిమాకే వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి హాల్లో కన్నార్పకుండా కూర్చున్నాడు. తాతగారు వచ్చారు. రెండున్నర గంటలూ ఉన్నారు. కళ్ళద్దాలు మాత్రం ఒక్క క్షణం కూడా పెట్టుకోలేదు. పైగా ఇంటర్వెల్ ముందు, దీపం వెలుగులో సూదికి దారమెక్కించి, మనవడి చొక్కాకి గుండీ కుట్టిపెట్టారు.

మొగుడూ పెళ్ళాం చీకట్లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏవండీ," అందామె గుసగుసగా. "మీ మేనేజరు ఆఫీసులో మీటింగన్నాడు. ఇంట్లో సినిమా అన్నాడు. మరి గురువారం ఎక్కడికెళ్ళినట్టు?"

అతడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం టీ వేళకు మేనేజరు గారు వచ్చి అతడి పక్కనే నిలబడ్డారు. బిస్కెట్ల పళ్ళెం స్వయంగా అతడి ముందుకు జరిపారు. "మొన్న సినిమాకి వెళ్ళారటగా?" అన్నారు. ఆరేళ్ళలో ఆయన అతణ్ణి మీరు అనడం అదే మొదటిసారి. "ఎలా ఉంది?"

రంగుల అతను, ప్యాకింగ్ ఆవిడ, టైపిస్టు, అందరూ అతడి నోటి వైపే చూస్తున్నారు. మేనేజరు గారు మాత్రం తన కప్పులోకి చూసుకుంటున్నారు.

"ఫర్వాలేదు సార్," అన్నాడు తనిఖీదారు. "కానీ ఆ తాతగారి కళ్ళద్దాలు మాత్రం ఉత్త గాజే."

"మేం ఆ రోజే చెప్పాంగా!" అన్నారు రంగుల అతను, ప్యాకింగ్ ఆవిడ ఒక్కసారే.

మేనేజరు గారు గుండెల నిండా గాలి పీల్చుకుని, టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశారు.

తనిఖీ విభాగం పెద్ద హోదాలో అతడు సంతకం లేకుండా పాస్ చేసిన మొదటి కళ్ళజోడు అదే.