నర్సవ్వ ఈమెయిల్‌కు శాలువా

కామారెడ్డిలోని వినతుల విభాగంలో కాగితం పూర్తిగా రద్దయింది. ఈ యాసంగి నుంచి ఎవరూ దరఖాస్తు చేత పట్టుకుని రాకూడదు, ఈమెయిల్‌లోనే పంపాలి. చెట్లను కాపాడటానికి తీసుకున్న గొప్ప నిర్ణయమిది. వచ్చిన ప్రతి ఈమెయిల్‌నూ అక్కడ మూడు ప్రతులు ప్రింటు తీస్తారు. ఒకటి ఫైలుకు, ఒకటి అధికారికి. మూడోది, మొదటి రెండూ కనపడకుండా పోయినప్పుడు వాటితో పాటు పోవడానికి.

ఈమెయిల్ ఎట్లా ఉండాలో చెబుతూ నాలుగు పేజీల ఉత్తర్వు కూడా వచ్చింది. ‘విషయం’ అన్న వరుస లావు అక్షరాల్లో ఉండాలి, దాని కింద గీత ఉండాలి. మిగతాదంతా సన్న అక్షరాల్లోనే ఉండాలి. ఆకుపచ్చ రంగు వాడరాదు, అది అధికారుల సొంతం. ఎడమ పక్క రెండంగుళాలు వదలాలి, అధికారి తన అభిప్రాయం రాసుకోవడానికి. ఇన్నేళ్లలో ఆ రెండంగుళాల్లో ఏ అభిప్రాయమూ మొలిచిన దాఖలా లేదు గాని, జాగా మాత్రం ఎప్పుడూ దున్ని ఉంచాలి. ఈ ఉత్తర్వు మాకు వాట్సాప్‌లో ఫొటోగా అందింది. వంకరగా తీశారు. మూడో పేజీ మీద ఎవరిదో బొటనవేలు పడింది. ఆ వేలి కింద ఏ నిబంధన ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అందరం పాటిస్తున్నాం.

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన నాదొక జిరాక్సు దుకాణం. ఏడో తరగతిలో బడి మానేసి టైపు నేర్చుకున్నాను. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే పని నా వేళ్ల మీద పడింది.

నాగిరెడ్డిపేట అవతలి ఊరి నుంచి నర్సవ్వ బస్సు దిగి నా దగ్గరికి వచ్చేసరికి, ఆమె బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఆరు రోజులైంది. దాని మీద ఆధారపడ్డ నలుగురిలో ముగ్గురికి పోచారం కాలువ నీళ్లందుతాయి. నర్సవ్వ రెండెకరాలు చిట్టచివర. అక్కడికి కాలువ పేరు మాత్రమే అందుతుంది.

“కొడుకా, వరి పొట్ట మీదున్నది. పది పన్నెండు దినాలల్ల నీళ్లు పెట్టకుంటె అంత తాలే అయితది. జర జల్ది కొట్టు” అంది. చేతిలో వేళ్లతో సహా పీకిన ఒక వరి మొక్క ఉంది. “గిది గూడ పంపు. సూస్తె ఆళ్లకే సమజైతది.”

“అండ్ల మొక్క పోదు అవ్వా. ఫొటో పోతది.”

“ఫొటోకు దూప ఎట్ల కనవడ్తది?”

దాహం గురించి ఆమె వేసిన ఈ ప్రశ్నకు ఉత్తర్వులో జవాబు లేదు. బహుశా బొటనవేలి కింద ఉండి ఉంటుంది.

మొదటి ఈమెయిల్ రెండో రోజే తిరిగొచ్చింది. ‘విషయం’ లావుగా లేదట. నేను లావు చేసి పంపినా, దారిలో ఎక్కడో చిక్కిపోయింది. రెండోసారి జాగ్రత్తపడి మొత్తం లావు చేశాను. ‘కార్యాలయాన్ని గద్దిస్తున్నట్లు ఉన్నందున తిరస్కరించడమైనది’ అని జవాబు. మూడోసారి అన్నీ సరిగ్గా కుదిరాయి. దాని మీద ఏ జవాబూ రాకపోయేసరికి నర్సవ్వే కామారెడ్డి పోయింది. అక్కడ గుమస్తా మహిపాల్ ప్రింటు తీసిన కాగితం ముందు పెట్టాడు. ఏ వరుసా కాగితంలో పట్టలేదు. ప్రతిదీ కుడి అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయింది.

“సూడు అవ్వా, సగమే వచ్చింది. గీ కాయిదంల నీ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది గని, కాలినట్టు లేదు. కాలింది కుడిదిక్కుకు పోయింది.”

“మరి కుడిదిక్కుది ఏడున్నది బిడ్డా?”

“కంప్యూటర్ల ఉంటది.”

“అండ్లనే సూడరాదు?”

“కంప్యూటర్ల సూసేదుంటె కాయిదం ఎందుకు తీసుడు?”

మహిపాల్ అడిగినదాంట్లో న్యాయముంది. నర్సవ్వ మరో మొక్కతో నా దగ్గరికి తిరిగొచ్చింది. మొదటిది పచ్చగా ఉండేది. దీని ఆకు కొసలు ఎర్రబడ్డాయి.

టైపు మిషన్ మీద వరుస చివరికొస్తే గంట మోగేది. మోగగానే కింది వరుసకు లాగేవాళ్లం. మిషన్ పాత ఇనుముకు పోయింది గాని గంట నా చెవిలోనే ఉండిపోయింది. నాలుగో ఈమెయిల్‌ను ఆ గంటకే అప్పజెప్పాను. ప్రతి వరుస చివరా ఎంటర్ కొట్టాను. తెర మీద అన్ని వరుసలూ ఒక్క పొడవున నిలబడ్డాయి. నర్సవ్వకు చదువు రాదు. అయినా తొంగి చూసి, “మంచిగున్నది కొడుకా, నాటేసినట్టున్నది” అని మెచ్చుకుంది.

ఆ విభాగానికి అధికారి అరుణ్‌కుమార్ గారు. స్వయంగా కవి. ఆయన రెండు సంపుటాలూ కార్యాలయంలో అందరూ చదివారు, వేరే దారి లేదు గనుక. ఆ ఈమెయిల్‌ను ఆయన కారులో పోతూ ఫోన్‌లో తెరిచారు. నా తెర వెడల్పు ఎక్కడ, ఫోన్ వెడల్పు ఎక్కడ! నేను కొట్టిన ప్రతి వరుసా అక్కడ పట్టక మధ్యలో విరిగింది. విరిగిన ముక్క కిందికి జారింది. ఆ ముక్క వెనకాలే నా ఎంటర్ వచ్చి నిలబడింది. ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి. అధికారి గారికి అందింది ఇది:

మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదమూడు
రోజులు
అయినది కావున వరికి నీరు
లేదు
పొట్ట మీద ఉన్న పంట ఎండి
పోవుచున్నది
దయచేసి తమరు వచ్చి ఒకసారి
చూడగలరు

అరుణ్‌కుమార్ గారు కారు ఆపించారు. అద్దం దించి చాలాసేపు బయటికి చూశారు. బయట పొలాలే ఉన్నాయి గాని, ఆయన చూసింది వాటిని కాదు.

మూడో రోజు ఆదివారం. కామారెడ్డిలో సాహిత్య సభ ఉంది, నర్సవ్వను తీసుకుని రమ్మని నాకు ఫోన్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే చేతికిస్తారనుకుని నర్సవ్వ ట్రాలీ ఆటో మాట్లాడింది. ఖాళీ ట్రాలీలో ఇద్దరం కూర్చుని సభకు పోయాం. “సగం మడి ఇంక పచ్చగనే ఉన్నది కొడుకా. రేపటికి బిగిస్తె సగమన్న దక్కుతది” అని దారంతా లెక్క చెబుతూనే ఉంది.

వేదిక మీద అరుణ్‌కుమార్ గారు గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా! ‘రోజులు’ అన్న ఒక్క మాటను ఒంటరిగా ఒక పాదంలో నిలబెట్టడానికి ఎంత గుండె కావాలి! ‘లేదు’ దగ్గర ఆగిపోవడంలో ఎంతటి మౌనం ఉంది! మనలో ఎవరికైనా ఈ సాహసం ఉందా? ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ కాదు. వెలుగు కోల్పోయిన మానవ హృదయం!”

నర్సవ్వ కుర్చీలోంచి లేచింది. “కాదు సారూ, అది ట్రాన్స్‌ఫార్మరే. మా చెల్కకాడ దిమ్మె మీదున్నది. నల్లగ మాడిపోయింది.”

హాలంతా చప్పట్లు. వెనక వరుసలో ఒకాయన “ఎంత నిరాడంబరత!” అని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎంతైనా ఎంటర్ నాది కదా.

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫొటో తీశారు. మెట్ల దగ్గర నర్సవ్వ మహిపాల్‌ను పట్టుకుంది.

“బిడ్డా, ట్రాన్స్‌ఫార్మర్ ఏడున్నది? ఆటో నిలబడ్డది.”

“ఇంకేడి ట్రాన్స్‌ఫార్మర్ అవ్వా! నీ ఫైలు వినతులల్లకెంచి తీసేసి కవితల దిక్కు పంపినం. సారు ఎడమపక్క జాగల మొదటిసారి రాసిండు, ఎరుకేనా?”

“ఏం రాసిండు?”

“అద్భుతం అని రాసిండు. ట్రాన్స్‌ఫార్మరే కావాలంటె మళ్ల కొత్తగ ఈమెయిల్ పెట్టుకో.”

ట్రాలీలో శాలువా తిరిగొచ్చింది.

ఆ తర్వాత పంపిన ఈమెయిల్‌ను ‘ముందటి రచన స్థాయిలో లేదు’ అని తిప్పి పంపారు. సభ అయిన ఎనిమిదో రోజు నర్సవ్వ మళ్లీ దుకాణానికి వచ్చింది. చేతిలో మొక్క ఉంది. అది మొక్క కాదు, గడ్డి. పొద్దున్నే బర్రెలను మడిలోకి తోలి వచ్చిందట.

“రాయి కొడుకా” అని చెప్పింది. చెప్పింది చెప్పినట్టే కొట్టాను.

‘వరి ఎండిపోయింది. ఇగ ట్రాన్స్‌ఫార్మర్ అక్కెర లేదు.’

అంతే. అంత చిన్న మాటకు లావూ సన్నమూ అక్కర్లేదు. గంట మోగేంత పొడవు కూడా లేదు. జవాబు ఐదు నిమిషాల్లో వచ్చింది. అంత వేగం ఆ విభాగం ఎన్నడూ ఎరగదు. ‘క్లుప్తత అంటే ఇదీ! మూడో కవిత కోసం ఎదురుచూస్తుంటాం.’

“ఏమంటుండు?” అంది నర్సవ్వ.

“మంచిగున్నదంటుండు అవ్వా.”

ఆమె గడ్డి పోచను నా కీబోర్డు మీద పెట్టి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ రెండు వాక్యాలు మీకు కూడా నచ్చాయని నాకు తెలుసు. మొదటి వాక్యం తర్వాత మీరూ ఒక్క క్షణం ఆగారు. అక్కడ ఎంటర్ నేను కొట్టలేదు.