ఎనిమిదింటికి దొంగలు

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి తన ఇంటి మీద దొంగలు పడాలని దోన్ సాతుర్నినో నిర్ణయించాడు. పై వీధిలో ఎవరిదో గ్యాస్ బండ, రెండు కోళ్ళు పోయినప్పటి నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. వారం తిరక్కుండా గోడ మీద సీసా పెంకులు సిమెంటులో గుచ్చాడు, డాబా మీద కుక్కను కట్టాడు, వీధి తలుపుకు మూడు గడియలు బిగించాడు. ఇక మిగిలింది పరీక్ష. చెప్పులు కుట్టే ఫౌస్తోను పిలిచి, "నాకు మొహం తెలియనివాళ్ళను పంపు. ఏడవనీ, బతిమాలనీ, ఏ వేషమైనా వెయ్యనీ. తలుపు తీశానా, ఓడిపోయినట్టే," అని చెప్పాడు.

భార్య ఎవులాలియా మాత్రం తెల్లవారకముందే నస మొదలెట్టింది. "ఈ ఒక్క ఆదివారం మానెయ్యవయ్యా."

"దొంగలు నీ వీలు చూసుకుని వస్తారటే?"

ఆమె బాధ వేరు. కూతురు నీవెస్‌ను అడగడానికి, తండ్రి ఎన్నడూ చూడని ఆ పిల్ల ప్రియుడు అబెలార్దో తల్లిదండ్రులు వచ్చేది ఆ పొద్దుటే. రెండేళ్ళు బతిమాలించుకుని ఆ తల్లి ఇప్పటికి ఊ అంది. అయినా మొగుడికి చెప్పడానికి లేదు. అయాకూచో కొండలు దిగి లీమా నగరానికి వచ్చి ముప్పై ఏళ్ళయినా వాళ్ళు వదలని మర్యాద అది: పిల్లనడిగేవాళ్ళు చెప్పకుండా రావాలి, పిల్ల తండ్రి వెంటనే తలుపు తీయకూడదు. ఎంతసేపు నిలబెడితే పిల్లకు అంత విలువ.

ఏడు ముప్పావుకు సాతుర్నినో తల్లీకూతుళ్ళను వెనక గదిలోకి తోసి, భద్రం కోసమంటూ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే నల్లకోటు పెద్దాయన, పూలగుత్తితో ఓ లావుపాటి పెద్దావిడ, బీరు సీసాల పెట్టె మోస్తూ ఒక యువకుడు. ఫౌస్తో ఇంత ఖర్చు పెడతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"దోన్ సాతుర్నినో, మీ ఇంట్లో విలువైనదొకటి ఉందని విన్నాం. తీసుకెళ్దామని వచ్చాం," అన్నాడు పెద్దాయన.

"చెప్పి మరీ వచ్చారే! నా ఇంట్లోంచి పూచికపుల్ల కూడా కదలదు, పొండి!"

పెద్దావిడ తృప్తిగా తల ఊపింది. "పద్ధతి తెలిసిన మనిషే. మళ్ళీ అడుగు."

"తలుపు తియ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది! వాళ్ళు దొంగలు కారు!" అని వెనక గదిలోంచి ఎవులాలియా అరిచింది.

"శభాష్! భయపడిన ఇల్లాలు అచ్చం ఇలాగే అంటుంది," అని మెచ్చుకుని సాతుర్నినో మెట్లెక్కాడు. నీవెస్ ఏడుపు కూడా వినపడింది. అది మరీ సహజంగా ఉందనుకున్నాడు. డాబా మీద గుర్రుపెడుతున్న కుక్కను దాటి, బంగాళాదుంపలు కడిగిన నీళ్ళ బకెట్ గుమ్మం మీదకు వంచాడు. ఒక్క చుక్క కూడా వృథా కాకుండా పెద్దావిడే తడిసింది.

అదే సమయానికి ఫౌస్తో మొహానికి ఆడవాళ్ళ మేజోడు తొడుక్కుని, వెనక ఇద్దరు బావమరుదులతో పరుగెత్తుకొచ్చాడు. "కదిలితే చంపేస్తాం!" అన్నాడు ఆయాసపడుతూ. పెద్దావిడ వెనుదిరిగి పూలగుత్తితోనే వాయించడం మొదలెట్టింది. పువ్వులు రాలిపోయాక కాడలు మిగిలాయి. అవి ఇంకా గట్టివి.

"బాబోయ్! నేను ఫౌస్తోని! వీళ్ళు నిద్ర లేవక ఆలస్యమైంది, దోన్ సాతుర్నినో!"

డాబా మీద బకెట్ చెయ్యి జారింది. "నువ్వు ఇప్పుడొస్తే, మరి వీళ్ళెవరురా?"

"నీ కాబోయే వియ్యాలవారు!" అని వెనక గది కిటికీలోంచి ఎవులాలియా గొంతు చించుకుంది.

సాతుర్నినో ఒక్క ఉదుటున మెట్లు దిగాడు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. దాని పెళ్ళి తన చేతులతో తనే చెడగొట్టుకున్నాడు. మూడు గడియలూ తీసి, తడిసిన ఆవిడ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "చెప్పు తీసుకుని కొట్టమ్మా, పడతాను. పిల్ల మాత్రం ఏ పాపం ఎరగదు."

అబెలార్దో తల్లి దోన్యా గుమెర్సిందా జుట్టులోంచి బంగాళాదుంప తొక్క తీసి పారేసింది. "ఎంతమాట అన్నయ్యగారూ! నన్నడగడానికొస్తే మా నాన్న పావుగంటకే తలుపు తీసేశాడు. ముప్పై ఏళ్ళుగా ఈయన ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. మీరు గాజుపెంకులు పెట్టారు, నీళ్ళు పోశారు, ఆఖరికి దొంగల్ని కూడా పిలిపించారు! పిల్ల మీద ఇంత ప్రేమున్న తండ్రిని నేనెక్కడా చూడలేదు."

గది తాళం తీశారు. నీవెస్ తండ్రి మెడ చుట్టుకుని ఏడ్చింది. బీరు సీసాలు తెరిస్తే ఫౌస్తో వాపుల మందుగా రెండు తాగాడు. గుమెర్సిందా ఇల్లంతా తిరిగి గడియలు లాగి చూసి, పెంకులు తడిమి చూసి, తీర్పు చెప్పింది. "మా వీధిలో రోజూ దొంగతనమే. ఇంత భద్రమైన ఇల్లుండగా పిల్లలు వేరే చోట ఎందుకు? ఇక్కడే ఉంటారు. మేమూ రేపే మంచాలు తెచ్చుకుంటాం."

సాతుర్నినో నోరు తెరిచేలోగా ఎవులాలియా, "అంతకంటేనా వదినా!" అనేసింది.

మర్నాడు మంచాలు దిగుతుండగా సాతుర్నినో నిచ్చెనేసుకుని వెనక గోడ మీద మూరెడు మేర పెంకులు పీకేశాడు. ఎంత భద్రమైన ఇంటికైనా, యజమాని పారిపోవడానికి ఓ దారి ఉండాలి కదా.