చదవకుండా చట్టం చేసే సుఖం

చట్టాలను కొట్టేసే అధికారం కోర్టులకు ఉండటం ప్రజాస్వామ్యానికే ముప్పని మా సభలో కొందరు గుండెలు బాదుకుంటున్నారు. అమాయకులు! ఆ అధికారమే లేకపోతే చట్టాలను మేం చదవాల్సి వచ్చేది.

నేను పద్దెనిమిదేళ్లుగా శాసనసభ్యుణ్ని. ఇంతవరకు ఒక్క బిల్లు కూడా చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఎందుకు చదవాలి చెప్పండి? పైన కోర్టుంది. అక్కడ కళ్లజోడు పెట్టుకున్న పెద్దలు ప్రతి కామానూ తడిమి చూస్తారు. ఒకే పని ఇద్దరు చేయడం దుబారా కాదూ?

ఒకసారి భోజన విరామానికి ముందు తొమ్మిది బిల్లులు పాస్ చేశాం. నాలుగోది ఫ్యాక్టరీల చప్పుడు గురించి. "నివాస గృహాల్లో చప్పుడు చేసే యంత్రాలేవీ నడపరాదు" అని అందులో ఓ వాక్యం. క్యాంటీన్ నుంచి వేపుడు వాసన వస్తోంది. అందరం "అవును" అన్నాం. ప్రతిపక్షమూ అంది. వాళ్లకు మాత్రం ఆకలుండదా?

పది రోజులకు ఇన్‌స్పెక్టర్ మా అక్క ఇంటికి వెళ్లి కుట్టుమిషన్ పట్టుకుపోయాడు. బావ పోయాక ఆ ఇంటిని నిలబెట్టింది ఆ మిషనే. నేను ఫోన్ చేసి నిలదీస్తే, "మీరు చేసిన చట్టమేగా సార్" అన్నాడు, ఎంతో వినయంగా.

తర్వాత అక్క ఫోన్ చేసింది.

"ఏరా, అది నువ్వు చదివే చేశావా?"

"కోర్టుంది కదక్కా! కేసు వెయ్యి, వాళ్లు చూసుకుంటారు" అని ధైర్యం చెప్పాను. తమ్ముడిగా నా బాధ్యత అది.

వేసింది. ప్రభుత్వ లాయరు వాయిదాల మీద వాయిదాలు అడిగాడు. ఈలోగా అక్క ఎవరి షాపులోనో వెనక గదిలో కూర్చుని చేత్తో గుండీలు, కాజాలు కుట్టుకుంటూ గడిపింది. ఆరేళ్లకు తీర్పొచ్చింది. చట్టం చెల్లదు! "సభ ఈ వాక్యాన్ని ఒక్కసారి చదివి ఉంటే ఈ కేసే ఉండేది కాదు" అని జడ్జిగారు రాశారు. అదీ నేను చదవలేదు, అక్కే చదివించుకుని వచ్చి చెప్పింది.

మిషన్ ఇంటికొచ్చిన రోజు అభినందించడానికి స్వయంగా వెళ్లాను. వ్యవస్థ పనిచేస్తోందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అక్క తుప్పు తుడిచి, నూనె వేసి, బెల్టు మార్చి మిషన్ ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కలేదు. తడి చేసి మళ్లీ పెట్టింది. ఎక్కలేదు. ఆరేళ్లు తను కాజాలు కుట్టిన ఆ షాపు వెనక గదిలో ఉన్నది ఒక్కటే బల్బు.

చివరికి దారం నా చేతికిచ్చింది.

"ఇదైనా కాస్త చూసి చెయ్యరా" అంది.