మలేరియా లేని అడవి

ఒక పెద్ద అడవిలో మలేరియా లేదు. అంటే దోమలున్నాయి, చలిజ్వరాలున్నాయి, వణికే జంతువులున్నాయి. మలేరియా మాత్రం లేదు. లేదని కాగితం మీద ఉంది కాబట్టి లేదు.

ఆ ఘనత చాలావరకు వాగొడ్డు ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే కొంగ బకారావుది. రోగి రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు ముందు ఒంటికాలి మీద నిలబడేవాడు. చూసేవాళ్ళకి అబ్బో, ఎంత ఏకాగ్రతో అనిపించేది. నిజానికది కొంగజపం. కన్ను గొట్టానికి ఆనించి, కాసేపు కునుకు తీసి, "నెగటివ్" అనేవాడు.

పాపం, చెడ్డవాడేం కాదు. పాజిటివ్ అంటే పైవాళ్ళు పరుగున వస్తారు, ఎందుకొచ్చిందని నిలదీస్తారు, నీళ్ళగుంటలన్నీ పూడ్పించమంటారు. నెగటివ్ అంటే అడిగే నాథుడుండడు. మొన్న వణుకుతున్న పిల్లను వెంటబెట్టుకొచ్చిన లేడికీ అదే మాట చెప్పి పంపేశాడు.

ఇంతలో నెత్తిన పిడుగు పడింది. ల్యాబ్ సిబ్బంది అందరికీ మలేరియా నిర్ధారణలో రిఫ్రెషర్ ట్రైనింగ్ అట. కొండమీది నుంచి ఎలుగుబంటి డాక్టరు వస్తున్నాడట. స్లైడు చూసి క్రిమిని గుర్తుపట్టలేకపోతే ఉద్యోగం ఊడుతుందట.

"ఆ క్రిమి ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను" అని బకారావు తూర్పు కేంద్రం టెక్నీషియన్ ఉడుత దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు.

"పిచ్చి బావా! చూపించడానికి ఈ అడవిలో పాజిటివ్ స్లైడంటూ ఉండాలిగా? మనం ఉంచామా?" అంది ఉడుత.

అన్నట్టే అయింది. మొదటిరోజు దండలు, ప్రసంగాలు, తలా ఒక సంచి, మిరపకాయ బజ్జీలు. తీరా పాఠానికొచ్చేసరికి డాక్టరు, "ఒక పాజిటివ్ స్లైడివ్వండి" అన్నాడు.

ఆరోగ్యాధికారి ఏనుగు గజపతి మెడలో పతకం సర్దుకుంటూ, "మా అడవిలో దొరకదండీ. ఈ పతకం అందుకిచ్చిందే" అన్నాడు.

డాక్టరు తల గోక్కుని బోర్డు మీద బొమ్మ గీశాడు. "చిన్న ఉంగరం, దానికో రాయి. రక్తకణంలో ఇలా కనిపిస్తుంది." అందరూ బుద్ధిగా గీసుకున్నారు. తాబేలు ఉంగరం పూర్తిచేసేసరికి భోజనాల వేళయింది.

మర్నాడు పాఠం మధ్యలో టకటకమని చప్పుడు. బకారావు చప్పట్లు కొడుతున్నాడనుకుని అందరూ కొట్టారు. తీరా చూస్తే చలికి అతని ముక్కు కొట్టుకుంటోంది. పూడ్చని గుంటల్లో పుట్టిన దోమలకి లేడిపిల్లా ఒకటే, ల్యాబ్ టెక్నీషియనూ ఒకటే. దండలన్నీ కప్పినా వణుకు ఆగలేదు.

"దొరికింది స్లైడు!" అని డాక్టరు ఎగిరి గంతేశాడు. రక్తం తీసి, రంగు వేసి, ఒక్కొక్కరినీ చూడమన్నాడు.

ఉడుత ఇలా వంగి అలా లేచి "నెగటివ్" అంది. కోతి ఉడుత మొహం చూసి "నెగటివ్" అంది. తాబేలు ఇంకా దారిలో ఉంది.

"అయ్యా, ప్రాణం పోతోంది, మందిప్పించండి" అన్నాడు బకారావు.

"పాజిటివ్ అని మన ల్యాబ్ చెప్పందే ఇవ్వకూడదయ్యా. డాక్టరుగారు బయటివారు, వారి మాట ఇక్కడ చెల్లదు" అన్నాడు గజపతి.

"ఉడుతా, ఇంకొక్కసారి చూడవూ?"

ఉడుత అతని చెవిలో గొణిగింది. "చూడొచ్చు బావా. నీది పాజిటివ్ అంటే, నేను చూసినవన్నీ మళ్ళీ చూడమంటారు."

బకారావు రెక్కలీడ్చుకుంటూ లేచాడు. మైక్రోస్కోపుకి కన్ను ఆనించి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి తెరిచాడు. ఉంగరం. పక్కన ఇంకో ఉంగరం. తన నెత్తురు బంగారం కొట్టులా ఉంది. అప్పుడు లేడిపిల్ల గుర్తొచ్చింది. అదీ ఇలాగే వణికింది.

"పాజిటివ్!" అని అరిచాడు. "నాదే కాదు, ఆ లేడిపిల్లదీ అదే అయ్యుంటుంది. పిలిపించండయ్యా!"

గజపతి పతకం తడుముకుంటూ ఆలోచించాడు. "బకారావ్, నువ్వు పక్షివి కదూ? పక్క అడవి నుంచి ఎగిరొచ్చిన వలసపక్షివని రాసేద్దాం. నీకు మందొస్తుంది, మనకి మచ్చ రాదు."

"మరి లేడిపిల్ల?"

"దానికి రెక్కలేవీ?"

మందొచ్చింది. వెనకే ఉత్తర్వూ వచ్చింది. వలసపక్షికి ఈ అడవిలో ఉద్యోగం చెల్లదని తీసేశారు. వాగొడ్డు కేంద్రాన్ని కూడా ఉడుతకే అప్పగించారు.

కాళ్ళు నిలవగానే బకారావు లేడి దగ్గరికెళ్ళాడు. "తప్పు నాదే తల్లీ. పిల్లని తీసుకుని పక్క అడవికి పద. అక్కడ మలేరియా ఉందని ఒప్పుకుంటారు, అందుకని మందూ ఉంటుంది."

వాళ్ళు బయల్దేరితే వెనకాల వణుక్కుంటూ సగం అడవి కదిలింది. ఆ నెల అడవిలో జ్వరాలు కూడా లేవని గజపతికి రెండో పతకం ఇచ్చారు. తాబేలు అప్పుడే మైక్రోస్కోపు దగ్గరికి చేరింది.

ఉద్యోగస్థులకు మాత్రమే పనికొచ్చే నీతి: కళ్ళు మూసుకుని పనిచేసినంత కాలం ఉద్యోగానికి ఢోకా లేదు, తెరిచారో, పోయిందే.