పద్ధతిగారు పెట్టిన కాపలా

ఆ రోజు ఉదయం పద్ధతి వేసుకున్న లెక్క చాలా సులువైనది. భోజనం వేళలోపు ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క పని ముగించాలి, సాయంత్రానికల్లా ఇల్లు చేరి పెట్టెలు సర్దాలి, మర్నాడు తెల్లవారుతూనే రైలెక్కాలి. ఆరేళ్ళ కూతురు ఇంతవరకు సముద్రం చూడలేదు. ఈ ప్రయాణం ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది, మూడుసార్లూ కారణం ఆఫీసే. అందుకే అతను చెప్పులు వేసుకుంటుంటే భార్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఈసారి కుదరలేదని మాత్రం ఫోన్ చెయ్యకండి. మేం ముగ్గురం వెళ్ళిపోతాం. సముద్రం ఫొటో మీకు పంపిస్తాం,” అంది.

ముగ్గురంటే ఆమె, పాప, అతని అత్తగారు. పాప ఇసుక తవ్వడానికి కొనిచ్చిన ప్లాస్టిక్ పార పట్టుకుని వాళ్ళమ్మ వెనక నిలబడింది. ఆ పారను రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుందని అతనికి తెలుసు. మెట్లు దిగుతూ, ఇవాళ ఆకాశం ఊడిపడ్డా సెలవు వదులుకోకూడదని గట్టిగా అనుకున్నాడు.

పద్ధతి అనేది అతని అసలు పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ముందున్న చెప్పులన్నిటినీ జతలు చేసి, వరసగా పెట్టి గానీ లోపల అడుగుపెట్టని మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. అతను పనిచేసే కంపెనీ లాండ్రీ షాపులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఎవరి బట్టలు ఏ సంచిలో ఉన్నాయి, ఉతికారా, ఇస్త్రీ అయ్యిందా అన్న సంగతులన్నీ చూసుకునేది అదే. దాని మొదటి కోడంతా ఒంటి చేత్తో రాసింది బాసు. ఆ తర్వాత ఆయన రాయడం మానేసి, రాసిన రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

బాసు చెడ్డవాడేం కాదు. ఏ పనైనా మర్నాటికి తొయ్యడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. వీపు విరిగిన కుర్చీ చూపించినా, చుక్కలు కారే కుళాయి చూపించినా, కొట్టుకులాడే ట్యూబ్‌లైటు చూపించినా తల పైకెత్తకుండా “రేపు మారుస్తాను” అంటాడు. ఆ కుర్చీలో కూర్చున్న మనుషులు మారారు గానీ కుర్చీ మారలేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మొదట నేర్చుకునేది ఆయన్ని అనుకరిస్తూ ఆ మాట అనడమే.

అలాంటి మనిషి ముందు రోజు హడావిడి పడ్డాడు. ఒక పెద్ద హోటలువాళ్ళు తమ దుప్పట్ల వ్యవహారం ఈ కంపెనీకి అప్పగించేముందు, మీ కోడ్‌లో దొంగలు దూరే కంతలేమైనా ఉంటే వాటిని పట్టుకునే స్కానర్ ఉందా అని అడిగారట. బాసు ఉందనేశాడు. అది అబద్ధం కాకుండా చూసే బాధ్యత పద్ధతి మీద పడింది. కంపెనీ కోడంతా ఒకేచోట భద్రంగా ఉండే రిపాజిటరీ ఒకటుంది. దాని గుమ్మంలో ఈ స్కానర్‌ని కాపలా కూర్చోబెట్టి నిశ్చింతగా సెలవు మీద వెళ్ళమన్నాడు.

నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. స్కానర్ మొదట కొన్ని ప్రశ్నలు వేస్తుంది, ఒక్కో ప్రశ్న పక్కన ఒక గడి ఉంటుంది. అతి తీవ్రమైన ప్రమాదం కనబడితే అది తీరేదాకా, దాన్ని తీర్చే మార్పు తప్ప మిగతా కొత్త మార్పులన్నీ ఆపెయ్యాలా? ఆ లైను ఎవరి పేరు మీద ఉందో చెప్పాలా? అత్యవసర నంబరుకి మెసేజులు పంపాలా? మెసేజులో ఆ లైను మొత్తం చూపించాలా? కాస్త బుద్ధున్న మనిషి మొదటి రోజు గడులన్నీ ఖాళీగా వదిలేసి, అది ఏం చేస్తుందో ఓ కంట కనిపెడతాడు. పద్ధతికి ఖాళీ గడి కనబడితే చెయ్యి దురద పెడుతుంది. అన్నిటికీ టిక్కు పెట్టి, ఎప్పట్లాగే ఫోన్ నోరు మూసి సొరుగులో పెట్టి, కాఫీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి తెర ఎర్రబడిపోయింది. స్కానర్ వెయ్యికి పైగా ప్రమాదాలు పట్టుకుంది. చాలావరకు చిల్లర తప్పులే. ఒక్కటి మాత్రం అతి తీవ్రం. షాపుల్లోని మిషన్లన్నీ కంపెనీతో మాట్లాడటానికి వాడే ముఖ్యమైన పాస్‌వర్డ్‌ని ఎవరో మహానుభావుడు దాచకుండా నేరుగా కోడ్‌లోనే రాసిపారేశాడు. తెర మీద ఆ పాస్‌వర్డ్ ఉన్నచోట చుక్కలు కనబడుతున్నాయి. వెయ్యి ప్రమాదాల ఎదురుగానూ బాధ్యుడి పేరు ఒకటే ఉంది. అది పద్ధతి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

అతను వాటిలో పదో వంతు కూడా రాయలేదు. కాకపోతే రెండేళ్ళ కిందట కోడ్ అంతా పాత చోటు నుంచి ఈ రిపాజిటరీకి తెచ్చింది అతనే. తెచ్చేటప్పుడు లైన్లు వంకరటింకరగా ఉన్నాయని మనసొప్పక, ప్రతి లైనునీ అంచులు సరిచేసి, వరసలో నిలబెట్టి మరీ పెట్టాడు. పాత చరిత్ర పాత చోటే ఉండిపోయింది. అందువల్ల ఊళ్ళోవాళ్ళ చెప్పులన్నీ సర్దినవాడి పేరే ఇప్పుడు ప్రతి చెప్పు మీదా కనబడుతోంది.

సరే, ముందు దీన్ని ఆపేద్దాం అనుకున్నాడు. అది ఆగలేదు. ఎంత చిన్న మార్పైనా, చేసేది ఎంత పెద్దవాళ్ళైనా, అందరూ ఒకే దారిలో రావాలని కిందటేడు రూలు పెట్టింది అతనే. స్కానర్‌ని ఆపడమూ ఒక మార్పే. ఆ మార్పు కూడా స్కానర్ ముందుకే వెళ్ళి నిలబడింది, స్కానర్ దాన్నీ ఆపింది. తప్పనిసరైతే వాడుకోవడానికి బాసుకి పక్కదారి ఒకటి ఉండేది. అలా చెయ్యడం పద్ధతి కాదని దాన్ని మూసేసింది కూడా అతనే. అతను తన నెత్తి తనే బాదుకోబోతుండగా, బట్టల లేబుళ్ళ పని చూసే అమ్మాయి వీపు విరిగిన కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చింది.

ఆ అమ్మాయి కథ ఇంకోటి. పొద్దున ఆమె పంపిన మార్పులో ఒక పొరపాటు దొర్లి, షాపుల్లో చొక్కాలన్నీ కర్టెన్లుగా నమోదవుతున్నాయి. దిద్దుబాటు సిద్ధంగానే ఉంది గానీ గుమ్మం దాటడం లేదు. ఒక షాపాయన ఫోన్ చేసి, మూడు చొక్కాలిచ్చిన పెద్దమనిషి మూడు కర్టెన్ల రశీదు చూసి గొడవ చేస్తున్నాడని చెప్పాడట. ఇంకో షాపావిడ నిజంగానే ఒక చొక్కాకి కర్టెన్ రింగులు కుట్టించేసిందట.

“ఏం చెయ్యమంటారు సార్?” అంది ఆ అమ్మాయి.

గుమ్మం దగ్గర ఆగిన వరసలో తన మార్పు కూడా ఉందని పద్ధతి తెర చూపించాడు.

వార్త బాసు గదికి చేరింది. ఆయన అందరినీ పిలిచి, తెర మీద జాబితా పైనుంచి కిందికి చూసి, ప్రతి లైనులోనూ ఒకే పేరు కనబడేసరికి బాధగా నిట్టూర్చాడు. ఆ లైన్లు తను రాసినవి కావనీ, అంచులు మాత్రమే సరిచేశాననీ పద్ధతి చెప్పబోయాడు. నేరం చేసినవాళ్ళంతా అలాగే అంటారన్నట్టు బాసు తలాడించాడు. తను కోడ్ రాసిన రోజుల్లో ఇలాంటి కక్కుర్తి పనులు ఊహకి కూడా అందేవి కావని చెప్పాడు. తర్వాత అసలు దెబ్బ కొట్టాడు.

“చూడవయ్యా, రూలు నువ్వే రాశావు. ప్రమాదం ఎవరిదైతే వాళ్ళే కూర్చుని దిద్దాలి, ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు అని. అందుకని నీ సెలవు సంగతి...”

“సార్, రేపు పొద్దున్నే రైలు.”

“సముద్రం ఎక్కడికీ పోదు కదయ్యా.”

సముద్రం పోదు, నిజమే. పారతో పాపే వెళ్ళిపోతుంది, తను లేకుండా. ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన మాటను పద్ధతి మనసులో కూడగట్టుకుంటూ ఉండగా గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అత్తగారు, ఆవిడ వెనక భార్య, ఆమె చెయ్యి పట్టుకుని, పారతో పాప కనబడ్డారు. అత్తగారి చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చంకలో దిండు ఉన్నాయి.

ఇది అర్థం కావాలంటే అత్యవసర నంబరు సంగతి చెప్పాలి. కంపెనీ పంపే మెసేజులు సరిగా వెళ్తున్నాయో లేదో చూడటానికి మొదట్లో ఎవరిదో ఒక నంబరు కావలసివచ్చింది. నాకెవరు పంపుతారు నాయనా మెసేజులు, నా ఫోన్ ఊరికే పడుంటుంది అని అత్తగారు అంటూ ఉండేది గనక పద్ధతి ఆ నంబరే అత్యవసర నంబరుగా కూడా పెట్టాడు. కొన్నాళ్ళపాటు ఆవిడకి “మీ బట్టలు సిద్ధం” అని రోజూ వచ్చేది. పాపం ఆవిడ రోజూ బీరువా తెరిచి ఏ బట్టలు తగ్గాయో చూసుకునేది. తర్వాత అందరూ ఆ సంగతి మరిచిపోయారు, ఒక్క సాఫ్ట్‌వేర్ తప్ప.

ఆ ఉదయం ఆవిడ ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ‘అతి తీవ్రమైన ప్రమాదం’ అని ఒక ముక్క, కింద అల్లుడి పూర్తి పేరు, ఆ కింద ‘వెంటనే చర్య తీసుకోండి’. అల్లుడికి ఫోన్ చేస్తే సొరుగులో ఉన్న ఫోన్ పలకలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. చర్య తీసుకోమంటే తీసుకునే రకం. ఆస్పత్రికి వెళ్ళాల్సి వస్తుందేమోనని ఫ్లాస్కూ దిండూ పట్టుకుని, కూతుర్నీ మనవరాలినీ టాక్సీ ఎక్కించి వచ్చేసింది.

అల్లుడు క్షేమంగా నిలబడి ఉండటం చూసి మొదట దిండు కిందపెట్టింది. తర్వాత బాసు వైపు తిరిగింది.

“ప్రమాదమేమిటో ఎవరైనా కాస్త చెబుతారా బాబూ? పొద్దుట్నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం.”

బాసు మర్యాద తెలిసినవాడు. ఆవిడని కూర్చోబెట్టి, మీ అల్లుడుగారు ఒక పాస్‌వర్డ్‌ని దాచకుండా రాసేశారనీ, అందువల్ల పని మొత్తం స్తంభించిందనీ, ఆయన సెలవు మానుకోవాల్సి ఉంటుందనీ మెత్తగా వివరించాడు. భార్య పద్ధతి మొహం కేసి చూసింది. ఆ చూపుకే అతనికి భయం వేసింది.

“ఓ, అదా. అది నా ఫోన్లో ఉంది,” అంది అత్తగారు, కళ్ళజోడు సర్దుకుంటూ. “అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది అదే. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది గానీ మాట తెలుగే. మధ్యలో జాగా వదలకుండా కలిపి రాశారు. బడిలో అయితే మార్కులు కొట్టేసేదాన్ని.”

తెర మీద చుక్కలుగా దాచిన మాటని స్కానర్ పొద్దుట్నుంచి అత్తగారికి మాత్రం విప్పి పంపుతోందన్నమాట. మెసేజులో లైను మొత్తం చూపించమని టిక్కు పెట్టిన సంగతి గుర్తొచ్చి పద్ధతి ఆవిడని ఆపబోయాడు. తరగతిలో చదువుతూ ఉంటే మధ్యలో ఆపనిచ్చే అలవాటు ఆవిడకి లేదు. ఆఫీసంతా వినేలా, ఒక్కొక్క అక్షరం విడదీసి స్పష్టంగా చదివింది.

“రేపు... మారుస్తాను.”

ట్యూబ్‌లైటు కొట్టుకులాడుతున్న చప్పుడు వినబడింది. లేబుళ్ళ అమ్మాయి బాసు వైపు చూసింది, ఆ తర్వాత విరిగిన కుర్చీ వీపు వైపు చూసింది. తలుపు దగ్గర మూగిన వాళ్ళలో ఎవరో దగ్గడం మొదలుపెట్టి, ఆపుకోలేక బయటికి పరిగెత్తారు. బాసు మొహంలో ఏళ్ళనాటి ఒక సాయంత్రం మెల్లిగా తిరిగొచ్చింది. ఆ వేళ ఇంటికి వెళ్ళే తొందరలో, ప్రస్తుతానికి ఏదో ఒకటి పెట్టేద్దాం అనుకున్న మనిషిని ఆయన గుర్తుపట్టాడు.

“ఇది ఎవరు రాశారో తెలుసుకోవడానికి ఇంకా ఏమైనా కావాలా సార్?” అన్నాడు పద్ధతి. జీవితంలో మొదటిసారి బాసుతో గొంతు పెంచాడు. “ప్రమాదం ఎవరిదైతే వాళ్ళే కూర్చుని దిద్దాలి. ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు.”

బాసు గొంతు సవరించుకున్నాడు. పాస్‌వర్డ్ మార్చడమంటే కోడ్‌లో మారిస్తే సరిపోదు. ప్రతి షాపుకీ ఫోన్ చేసి మిషన్లో కూడా మార్పించాలి. కర్టెన్ల విషయమై కారాలు మిరియాలు నూరుతున్న ఆ షాపులన్నిటికీ ఫోన్ చెయ్యాలి.

“సరేనయ్యా, దానికేం, రే...” అని మొదలుపెట్టాడు.

గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆయన్నే చూస్తున్నారు, పాపతో సహా. బాసు మాట మింగేసి, చొక్కా చేతులు మడిచి, ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. అత్తగారు ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ఆయనకి పోసిచ్చింది. వీపుకి ఆసరా ఉంటుందని దిండు కూడా అక్కడే వదిలేసింది.

మర్నాడు సాయంత్రం పాప సముద్రం ముందు పార పట్టుకుని నిలబడింది. ఇంత పెద్దది ఎవరు పోశారని అడిగింది. అలలు వచ్చి తవ్విన గుంటని పూడ్చేస్తే, విసుక్కోకుండా మళ్ళీ తవ్వింది. ఆమె విడిచిన చెప్పుల్ని పద్ధతి ఇసుకలో వరసగా పెట్టి, మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి నిలబడ్డాడు. ఇన్నాళ్ళకి గుండె నిండా గాలి పీల్చుకున్నట్టనిపించింది. అప్పుడే ఒడ్డున అత్తగారి ఫోన్ మోగింది. మళ్ళీ మోగింది. మోగుతూనే ఉంది.

“మళ్ళీ అతి తీవ్రమట నాయనా,” అంది ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని. “ఈసారి మీ బాసుగారి పేరే ఉంది. పాస్‌వర్డ్ మార్చారు గానీ, కొత్తది కూడా అదే లైనులో రాసేసినట్టున్నారు. ‘ఈరోజేమార్చాను’ అట. ఈసారీ జాగా వదల్లేదు.”

భార్య మొగుడి వైపు తిరిగింది. “ఇదేమిటండీ, అమ్మ నంబరు అందులోంచి ఇంకా తీసెయ్యలేదా?”

పద్ధతి అలల కేసే చూస్తూ, తల తిప్పకుండా, “రేపు మారుస్తాను,” అన్నాడు.